అత్తగారి వ్యాయామం, నా వంతెన

మొన్న గురువారం నేను సిమెంటు గచ్చు మీద కాలవలో పడ్డానండి! నవ్వకండి, ముందు వినండి.

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు. మా దగ్గరే ఉంటున్నారు. "నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమే" అని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. ఆవిడ కుర్చీ దిగితే ఒట్టు!

అప్పుడే తెలిసింది, రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి కొత్త మెషిన్ వచ్చిందని. కంప్యూటర్‌కి వైరుతో తగిలించిన పెద్ద కళ్ళజోడు. పెట్టుకుని ఉన్నచోటే అడుగులేస్తే, ఏదో తోటలో నడుస్తున్నట్టే ఉంటుందట.

తీసుకెళ్ళాను. ఆవిడ దాని వంక చూసి, "అల్లుడుగారి ఎదుట గంతులేస్తానా? నావల్ల కాదు" అని చేతికర్ర పక్కన పెట్టి, గది చివర కుర్చీలో కొంగు సర్దుకుని కూర్చున్నారు.

ముప్పై ఏళ్ళుగా బళ్ళో పాఠాలు చెప్తున్నవాణ్ణి, ఊరుకుంటానా? ఓపిగ్గా, జారుతూ జారుతూనే గోడెక్కిన నత్త కథ చెప్పాను.

"నత్తకి మోకాళ్ళుండవు కదండీ" అన్నారు.

సరే, చేసి చూపిద్దామని కళ్ళజోడు నేనే పెట్టుకున్నాను. అబ్బ, ఏం తోట! కడియం నర్సరీల్లో కూడా అన్ని పూలు చూడలేదు. పది అడుగులు దర్జాగా వేశాను. ఎదురుగా కాలవ. దాని మీద సన్నటి చెక్క వంతెన.

కాలవ కనిపిస్తే మన అలవాటు ఎక్కడికి పోతుంది? చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. పంచె ఎగ్గట్టాను.

"మాస్టారూ, అక్కడ నీళ్ళు లేవండి!" అని ఫిజియోథెరపీ అమ్మాయి అరుస్తూనే ఉంది.

నాకు కనిపిస్తుంటే లేవంటుందేంటి! పట్టుకోవడానికి వంతెన పక్కన కర్ర కూడా ఉంది. బరువంతా దాని మీద వేసి, కాలు ముందుకు పెట్టాను.

కర్ర కళ్ళజోడులోనే ఉండిపోయింది. నేను గచ్చు మీదున్నాను. వైరు మెడలో, చెప్పులు ఎవరో పేషెంటు ఒళ్ళో!

"అయ్యయ్యో, అల్లుడుగారూ!"

కళ్ళజోడు లాగి చూద్దును కదా, అత్తగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడ చేతికర్ర గది ఆ చివర కుర్చీ దగ్గరే ఉంది!

"అమ్మగారూ, ఒక్కరే నడిచారు!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నన్ను లేపడం ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు నా మణికట్టుకి కట్టు. అత్తగారు మాత్రం పొద్దున్నా సాయంత్రం వీధంతా నడుస్తున్నారు, ఇంటింటికీ వెళ్ళి నేను పడిన వైనం చెప్పడానికి. డాక్టరుగారు చాలా సంతోషించి, ఈ వ్యాయామం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దన్నారు.