ఇసుకలో నేర్చిన కబడ్డీ

మా కాలేజీ క్రీడాచరిత్ర తెలుసుకోవడానికి ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువా చూడనక్కర్లేదు. అందులో ఒక గ్లోబు, ఒక ఎండిపోయిన బల్లి ఉంటాయి. మైలురాళ్లన్నీ మా ఒళ్ల మీదే ఉన్నాయి. మొదటిది ఒక సీనియర్ అన్న ముందుపన్ను, నెల్లూరులో ఊడింది. రెండోది ఇంకో అన్న ముక్కు, అప్పట్నుంచీ అది ఎడమవైపే చూస్తుంది. మూడోది నా కనుబొమ్మ మీద కుట్లు. నేను రిజర్వు ఆటగాణ్ణి. కోర్టులోంచి ఎగిరొచ్చిన ప్రత్యర్థి ఒకడు నా మొహం మీద దిగాడు. ఆడకుండానే కుట్లు వేయించుకున్న ఘనత నా ఒక్కడిదే.

తప్పంతా ఇసుకది. మా కాలేజీ సముద్రం పక్కనే, సాధనంతా ఆ ఇసుకలోనే. కూతకొచ్చినవాడి కాళ్ల మీదికి కళ్లు మూసుకుని దూకేవాళ్లం, దులుపుకుని లేచేవాళ్లం. బయటి ఊళ్లలో కోర్టులు గట్టి నేల. ఆ సంగతి మా బుర్రలకు తెలుసు, ఒళ్లకు తెలియదు. అక్కడా అట్లాగే దూకేవాళ్లం.

నా కుట్లు చూశాక ప్రిన్సిపాల్ గారు టీమునంతా వరసగా నిలబెట్టారు.

"ఇంకొక్కడు ఆస్పత్రి మెట్టెక్కినాడంటే కబడ్డీ బంద్. మీ అమ్మానాయనలకు జవాబు చెప్పలేక చస్తా ఉండా. క్యారమ్స్ ఆడుకోండి."

"దాంట్లో కూడా వేలు ఇరుగుద్ది గదా సార్" అన్నాను. నన్ను ఎండలో నిలబెట్టారు.

కెప్టెన్ మాత్రం నవ్వలేదు. పక్క పాళెంలో వలలు లాగే ఇంటివాడు. కబడ్డీ లేకపోతే కాలేజీకే రానన్నాడు. ఉత్తి బెదిరింపు కాదది. వాళ్ల నాయన పడవలో వాడి చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

తర్వాతి మ్యాచ్ బుచ్చిరెడ్డిపాలెంలో. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అవతలివాళ్లవి వడ్ల బస్తాలు మోసిన భుజాలు. వాళ్ల మోచెయ్యి తగిలి మావాడొకడి పెదవి చీలింది. వాడు రక్తం మింగేసి ప్రిన్సిపాల్ వైపు తిరిగి నవ్వాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

"తాంబూలం సార్" అని సర్దిచెప్పాను.

ఇంతలో కెప్టెన్ అలవాటు కొద్దీ దూకాడు. ఎండు తాటిమట్ట విరిగినట్టు చప్పుడైంది. లేచేసరికి కుడిచెయ్యి వేలాడుతోంది.

"బయటికి రారా" అన్నాను గీత దగ్గరికెళ్లి.

"వస్తే ఆస్పత్రే. గమ్మునుండు."

స్కోరు సమానం. ఆఖరి కూత వాడిదే. నలుగురు మీద పడ్డారు. ఒకడు సరిగ్గా ఆ చెయ్యే పట్టుకుని మెలితిప్పాడు. నొప్పికి అరవాలి. అరిస్తే కూత ఆగుతుంది, కూత ఆగితే అవుట్. కాబట్టి వాడు అరుపంతా కూతలోనే అరిచాడు. గొంతు కోస్తున్న పంది కూడా అంత స్పష్టంగా "కబడ్డీ" అనదు. మోకాలితో ఒకడి ముక్కు పగలగొట్టి, మిగతావాళ్లను ఈడ్చుకుంటూ వచ్చి, ఎడమచేతి వేళ్లతో గీత ముట్టుకున్నాడు. మా కాలేజీ గెలిచిన మొదటి మ్యాచ్ అదే.

ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చారు. "చెయ్యి పైకెత్తరా."

"తిమ్మిరి సార్."

"తిమ్మిరెక్కితే భుజం ఈపులోకి పోద్దా?"

"ఆస్పత్రి వద్దు సార్. ఎముకలకు పుత్తూరు కట్టు కట్టే ఆయన ఉండాడు. అది ఆస్పత్రి కాదు గదా."

ఆయన వాణ్ణి తన కారులోనే ఎక్కించారు. వెనక సీట్లో నేనూ ఇరుక్కున్నాను.

కట్టు కట్టే ఆయన భుజం తడిమి చూశాడు. "ఎవరన్నా కాళ్లు గట్టిగా పట్టుకోండయ్యా" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చదువుతున్నాను. ప్రిన్సిపాలే పట్టుకున్నారు. కట్టాయన చేతిని ఒక్క గుంజు గుంజాడు. ఎముక గూట్లో పడింది. ఈసారి కూత గొడవ లేదు గనక కెప్టెన్ మనసారా అరిచాడు, మనసారా తన్నాడు. మడమ నేరుగా ప్రిన్సిపాల్ మూతికి తగిలింది. కళ్లద్దాలు పగిలాయి, పెదవి రెండుగా చీలింది. తెల్లచొక్కా ముందు భాగమంతా ఎర్రబడింది.

ప్రిన్సిపాల్‌ని పక్కనే ఉన్న ఆస్పత్రిదాకా నడిపించి, లోపలికి పంపి మేం బయట కూర్చున్నాం. కెప్టెన్ చేతిని కట్టాయన ఎదకు ఆనించి కట్టేశాడు. "ప్రిన్సిపాల్‌నే తన్నినా. అయిపోయిందిరా" అన్నాడు.

ప్రిన్సిపాల్ కుట్లతో బయటికొచ్చారు. కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

"సార్... కబడ్డీ బందేనా?"

"ఎందుకురా?" మాట సగం పెదవిలోనే ఉండిపోతోంది. "మెట్టెక్కింది నేను. నేనేమన్నా మీ టీంలో ఉండానా?"

కళ్లద్దాలు లేవు గనక కారు నడపమని తాళాలు నాకిచ్చారు. నాకు కారు నడపడం రాదు. ఆలస్యం చేస్తే ఆయన మనసెక్కడ మారుతుందోనని ఎక్కి కూర్చున్నాను.