సాయిలందరికీ ఒక్కటే పొట్ట

మొన్న దసరా ముందురోజు నేనేం చేస్తున్ననో చెప్తే నవ్వుతరు. ఎల్లారెడ్డిల మా మామ టైలర్ షాపు గడప మీద కూసొని, కొత్త అంగీల కుట్లు విప్పుతున్న. అల్లునికి గింత మర్యాద ఎందుకు దక్కిందంటే... పైథాన్ వల్ల!

నాకు కామారెడ్డిల జిరాక్స్ సెంటర్ ఉన్నది. గిరాకీ లేనప్పుడు ఫోన్ చూసుడు మానేసి, పైథాన్ అనే కంప్యూటర్ భాష మీద ఒకటి, వివరాలు దాచే డేటాబేస్ మీద ఒకటి లావు పుస్తకాలు కొనుక్కొని నేర్చుకుంటున్న. మంచి పుస్తకాలే. లోపమంతా చదివేటోనిదే.

కొంచెం వచ్చుడుతోనే చేతులు ఊకోలే. పండుగ గిరాకీతోని మామ షాపు నిండా గుడ్డలు. ఒక్కోదానికి కొలతల చిట్టీ పిన్ను పెట్టి ఉంది.

"ఇవన్నీ ఎందుకు మామా? పేరు కొడితే కొలతలు ప్రింటై వస్తయి" అన్న.

మామ అద్దాలు సవరించుకొని, "నువ్వు చెప్తే సరే అల్లుడా" అన్నడు.

నా పాత కంప్యూటర్, ప్రింటర్ తెచ్చిపెట్టి, చిట్టీలన్నీ దాంట్ల ఎక్కించుడు మొదలుపెట్టిన. రెండో సాయిలు కాడ ఎర్రర్! ఒక పేరు ఒక్కసారే రావాలని నేనే రూల్ పెట్టిన మరి. ఎల్లారెడ్డిల "సాయిలూ" అని పిలిస్తే గల్లీకో మనిషి పలుకుతడని పుస్తకం రాసినాయనకేం ఎరుక? పేజీలు తిరగేస్తే 'రీప్లేస్' అని ఒక కమాండ్ దొరికింది. పెట్టిన. ఎర్రర్ మాయం! ఉన్నోన్ని పీకేసి కొత్తోన్ని కూసోబెడుతదని దాని కిందనే రాసి ఉన్నది. కిందిదాకా ఎవరు చదువుతరు?

కడకు మామకు నమూనా చూపిద్దామని నా కొలతలు గూడ ఎక్కించిన. ఇగ పాత చిట్టీలెందుకని చింపి పారేసి, ఖుషీగా కామారెడ్డి బస్సెక్కిన.

పండుగ ముందురోజు పొద్దున్నే, పుట్టింటికి పోయిన మా లత ఫోన్. "జల్ది రా. బాపు షాపు ముంగట లొల్లి అయితున్నది."

పోయి చూస్తే ఒక బక్కాయన కొత్త అంగీల ఊగుతున్నడు. "మాస్టర్, దీంట్ల నాతోని మా ఆడామె గూడ పడుతది!"

"నాదీ గట్లనే ఉన్నదే!" అన్నడు ఎనుకాయన. ఇద్దరూ సాయిలే.

నా పేరు మీకు చెప్పలే కదా. నేనూ సాయిలునే. ఆఖరుకు ఎక్కింది నా కొలతలు. ఊర్లె సాయిలందరూ నా పొట్ట తొడుక్కొని నిలబడ్డరు!

"కోస్తుంటే నాకు డౌటొచ్చింది" అన్నడు మామ మెల్లగ. "బక్క సాయిలుకు గింత పొట్ట ఎప్పుడొచ్చింది అనుకున్న."

"మరి ఫోన్ చెయ్యకపోతివి మామా?"

"అల్లుని మాట ఎట్ల కాదంట?"

తెల్లారితే దసరా. అంగీ లేకుంటే ఇన్నేండ్ల షాపు ఇజ్జత్ పోతది. మామ టేపు తీసి అందర్నీ మళ్ల కొలిసిండు. కొలుస్తుంటే ఆయన మొఖం కొద్దికొద్దిగా తేటపడ్డది. "భయం లేదు బిడ్డా. పెద్దగుంటే లోపటికి కుట్టొచ్చు. చిన్నగుంటే దుకాణం మూసుడే."

నేను కుట్లు విప్పిన, ఆయన కుట్టిండు. పొద్దు గూకేసరికి సాయిలందరూ ఎవరి సైజుల వాళ్లు నవ్వుకుంట పోయిండ్రు.

"పెండ్లైన కాన్నుంచి నీ పొట్ట పనికొచ్చింది ఇయ్యాల్నే" అన్నది లత, చాయ్ ఇచ్చుకుంట.

ఇప్పుడు పేరుకు బదులు ఫోన్ నంబర్ పెట్టిన, మంచిగ నడుస్తున్నది. ఏ డేటాబేస్‌కైనా బ్యాకప్, అంటే ఆపదకు అక్కరకొచ్చే ఇంకో నకలు, ఉండాలని పుస్తకంల రాసి ఉన్నది, ఈసారి కిందిదాకా చదివిన. అందుకే అత్తమ్మ ఇంకో గరిటె అన్నం పెడితే వద్దంటలేను. మా షాపు బ్యాకప్‌ను నేనే జాగ్రత్తగా పెంచుతున్న!