శాంతిభద్రతలకి కోసిన మేకపోతు

పదమూడేళ్లుగా వీధికుళాయి కింద మొదటి బిందె నీలవేణిదే. పొద్దెక్కాక వెళ్తే నీళ్లతో పాటు నలుగురి మాటలూ పట్టుకోవాలి. అందుకని నీళ్లు వదలకముందే వెళ్లి బిందె పెట్టుకుని కూర్చునేది. మిగతా ఆడవాళ్లు వచ్చేసరికి తల వంచుకుని ఇంటిదారి పట్టేది. తెచ్చిన నీళ్లలో తొలి చెంబు అత్త తాతమ్మకి. ముసలావిడ మొహం కడుక్కుంటూ, "నా కొడుకు కాయితమేటైనా వచ్చిందేటే?" అనేది. రాలేదని చెప్పాకే టీ తాగేది. పోయిన వానల్లో ఆవిడ పోయింది. కొడుకుని పోలీసులు తీసుకొచ్చి, తలకొరివి పెట్టించి, చితి చల్లారకముందే తీసుకుపోయారు.

ఇప్పుడు బిందెలు ఆమె మొగుడు ఎర్రన్న తీసుకెళ్తున్నాడు. పెరోల్ మీద వచ్చాడు. కుళాయి దగ్గర వరసలో నిలబడతాడు. వరస లేకపోయినా, వరస ఉంటే తన చోటు ఎక్కడ ఉంటుందో చూసుకుని అక్కడ నిలబడతాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు అతని ముందు బిందెలు దించుతారు. అతను వెనక్కి జరుగుతాడు. కుళాయి కట్టేశాక సగం బిందెతో ఇంటికొస్తాడు.

"మడిసిని సంపి జైలుకెల్లినోడివి," అంది నీలవేణి ఒకరోజు, "కుళాయికాడ ఒక్క బిందెని ముందుకి తొయ్యలేవేటి?"

"నా వంతు రానేదే," అన్నాడతను.

ఇంట్లో కూడా అదే వరస. అన్నం వేళకి కంచం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాడు. పొద్దుగూకితే గదిలోకి వెళ్లి దుప్పటి మడిచి పెట్టుకుని కూర్చుంటాడు. కాసేపటికి లోపలినుంచి, "తలుపెయ్యవేటే?" అని అడుగుతాడు. పెళ్లయిన కొత్తలో చుట్ట కోసం అర్ధరాత్రి అగ్గిపెట్టె వెతికించిన మనిషి, సంతకెళ్తే కల్లుపాకలోంచి ఇద్దరు మోసుకొస్తే గాని ఇల్లు చేరని మనిషి, ఇప్పుడు పెరట్లోకి వెళ్లడానికి కూడా ఆమె మొహం చూస్తున్నాడు. మొగుడు బాగుపడాలని నీలవేణి మొక్కని దేవుడు లేడు. ఇంతలా బాగుపడమని మాత్రం ఏ దేవుడికీ చెప్పలేదు.

జైల్లో అతనికి మంచిపేరు. లోపలే పదో తరగతి పాసయ్యాడు. వంట నేర్చుకుని, వందలమందికి వండే వంటశాలకి పెద్ద అయ్యాడు. యావజ్జీవ శిక్ష తగ్గించి విడుదల చెయ్యొచ్చని జైలువాళ్లే రాసి పంపారు. ఆ ఫైలు ఎన్ని బల్లల మీద నిద్రపోయిందో గాని, చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ఈ ఖైదీ తిరిగొస్తే ఊళ్లో శాంతిభద్రతలకి భంగం కలుగుతుందా? ఈ సంగతి రెవెన్యూ ఇన్స్పెక్టరు వచ్చి ఊరి పెద్దల్ని అడిగి రాసుకోవాలి. పెద్దలు లేదంటే ఫైలు కదులుతుంది. అవునంటే ఇంకెన్నాళ్లో తెలియదు.

ఊరికి పెద్దలు ఇద్దరు. ఒకాయన నారాయణమూర్తి, ఒకప్పటి సర్పంచి. ఓడిపోయి ఎన్నేళ్లయినా గోడమీది పేరు చెరపనివ్వలేదు. రెండో ఆయన ధనరాజు. ఇప్పటి సర్పంచి ఆయన భార్య రాజకుమారి. ఆవిడ పంచాయతీ ఆఫీసు గడప తొక్కిందో లేదో ఎవరూ చూడలేదు గాని, ఆ కుర్చీ మాత్రం ధనరాజు బరువుకి ఒక పక్క వాలిపోయింది.

నీలవేణి ఇద్దరి దగ్గరికీ వెళ్లింది. ఇద్దరూ ఒకేమాట అన్నారు. ఆ ఊళ్లో అదే మొదటిసారి.

"మంచిమాట ఊరికే వస్తాదేటమ్మా? ఆఫీసరొస్తన్నాడు. మేకపోతుని కొయ్యాల."

నీలవేణి చేతులు జోడించింది. "మేకొద్దు బావా," అంది ధనరాజుతో. "పప్పూ వంకాయ కూరా వండిస్తాను. మేకని కొయ్యాలంటే నాకు బయ్యం."

"పప్పన్నం తినేసి శాంతి గురించి ఏటి సెప్తామే?" అన్నాడాయన.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఆ ఊళ్లో మేకని కోస్తే తలకాయ ఊరిపెద్ద ఇంటికి వెళ్లాలి. తినడానికి కాదు, వీధిలో అందరూ చూస్తుండగా వెళ్లడానికి. పదమూడేళ్ల కిందట అమ్మవారి పండగనాడు ఊరిపెద్ద ఎవరో తేలలేదు. పెద్దలిద్దరూ చెరో అరుగు మీద మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. తలకాయ పళ్లేన్ని అటునుంచి సింహాచలం, ఇటునుంచి ఎర్రన్న పట్టుకుని లాగారు. సింహాచలం ధనరాజు మనిషి, ఎర్రన్న నారాయణమూర్తి మనిషి. ఆ తలకాయలో చెవిముక్కైనా ఆ ఇద్దరికీ రాదు. మేకని కొట్టింది ఎర్రన్నే కాబట్టి కత్తి అతని చేతిలోనే ఉంది. తాగి కూడా ఉన్నాడు. సింహాచలం అక్కడికక్కడే పోయాడు. కోర్టులో పెద్దలిద్దరూ సాక్ష్యం చెప్పారు. ఎవరు కొట్టారో చెప్పారు. ఎవరికోసమో అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు.

సింహాచలం పెళ్లాం ఈశ్వరి ఇల్లు నీలవేణి ఇంటికి ఎదురే. ఒకామె మొగుడు కాటికి, ఒకామె మొగుడు జైలుకి. రెండు అరుగుల మధ్య ఎడ్లబండి పట్టేంత వీధి. ఇన్నేళ్లలో ఒక్క మాట ఆ వీధి దాటలేదు.

సరే, పెద్దలు చెప్పాక తప్పుతుందా. నీలవేణి సొంతంగా పెంచుకున్న మేకపోతునే కోయించింది. కోసే పని ఎర్రన్న ముట్టలేదు. గజపతినగరం నుంచి వేరే మనిషిని పిలిచి కొట్టించి, తను వంట దగ్గర నిలబడ్డాడు. తలకాయ గురించి మొగుడూ పెళ్లాలు ముందే ఒక ఆలోచన చేశారు. దాన్ని చారులో వేసి ఉడికించేస్తే అందరి విస్తట్లోనూ పడుతుంది. ఎవరింటికీ వెళ్లదు.

పందిట్లో అడ్డాకుల విస్తళ్లు రెండు బంతులు వేశారు. రెవెన్యూ ఇన్స్పెక్టరు యుగంధర్ వచ్చాడు. పట్నం కుర్రాడు, ఉద్యోగానికి కొత్త. ఆయన్ని పెద్దలిద్దరి మధ్యా కూర్చోబెట్టారు. శాంతి గురించి ధనరాజు మాట్లాడాడు. ధనరాజు ఎంతసేపు మాట్లాడాడో అంతసేపూ నారాయణమూర్తి కూడా మాట్లాడాడు. ఎర్రన్న లాంటి మనిషి ఊరికి అవసరమని ఇద్దరూ చెప్పారు. యుగంధర్ రాసుకున్నాడు. గుమ్మం చాటునుంచి నీలవేణి చూసింది. సంతకం పెట్టేస్తే అయిపోతుంది.

"ముందు బోయినం సార్," అన్నాడు నారాయణమూర్తి. "సంతకం ఎక్కడికి పోతాది?"

చారు వడ్డిస్తుంటే ఆయన విస్తట్లో నాలిక ముక్క పడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఒరే ఎర్రన్నా, తలకాయేదిరా?"

"సారులో ఉన్నాది బాబూ. అందరికీ వస్తాదని..."

"అందరికీనా?" అన్నాడు ధనరాజు. "అందరికీ వస్తే మరి పెద్దోడెవుడురా?"

ఈ ప్రశ్నకి జైల్లో పాఠం లేదు. పెద్దలిద్దరూ కలిసి గద్దిస్తే ఎర్రన్న గుండిగలోంచి తలకాయని తీసి పళ్లెంలో పెట్టాడు. నాలిక ఒక్కటే ఊడొచ్చింది, మిగతాదింకా ముక్కలు కాలేదు. పళ్లెం పట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరికి ఇచ్చినా ఇంకొకరు ఊరుకోరు. చివరికి జైలు బుద్ధే పనిచేసింది. అక్కడున్నవాళ్లలో ప్రభుత్వం ఎవరో చూసుకుని, ఆఫీసరు ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. గుమ్మం చాటున నీలవేణి ఊపిరి పీల్చుకుంది. అంతకంటే తెలివైన పని ఎవరూ చెయ్యలేరు.

కాని యుగంధర్ నీచు తినడు. ఆ సంగతి ఆయన్ని అడిగినవాళ్లు లేరు. కళ్లు తెరుచుకుని తనకేసే చూస్తున్న మేకతలని చూడలేక, ఆయన పళ్లేన్ని మునివేళ్లతో పక్కకి తోశాడు. ఎడమపక్కకి. ఎడమపక్కన ధనరాజు ఉన్నాడు.

"సూసినారా," అన్నాడు ధనరాజు లేచి నిలబడి. "గవర్నమెంటే ఇచ్చింది నాకు."

తర్వాత జరిగిందాన్ని ఎవరూ వరసగా చెప్పలేరు. నారాయణమూర్తి చారుగిన్నె విసిరాడు. ఆయన మనుషులు కుర్చీలు ఎత్తారు. ధనరాజు చొక్కా రెండు ముక్కలైంది. విస్తళ్లలో చెప్పులు పడ్డాయి. పెరుగన్నం దాకా రాని బంతులు రెండూ కలబడి దొర్లాయి. యుగంధర్ ఫైలు నెత్తిన పెట్టుకుని జీపులోకి దూకాడు.

ఎర్రన్న ఎక్కడున్నాడు? పొయ్యి దగ్గర. గొడవ మొదలవగానే గరిట మూత మీద బోర్లించి, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. జైల్లో కొట్లాట జరిగితే అలాగే చెయ్యాలి. అంతా అయిపోయినా లెమ్మనేవాళ్లు లేక అలాగే ఉండిపోయాడు.

యుగంధర్ జీపులోంచే ఫోను చేశాడు. ఖైదీ ఊళ్లో ఉండగా శాంతిభద్రతలకి భంగం కలిగిందన్నాడు. సాయంత్రానికి ఎస్సైని వెంటబెట్టుకొచ్చి వాంగ్మూలాలు రాసుకుంటానని వెళ్లిపోయాడు.

ఎస్సై అనేసరికి పెద్దలకి చెమట పట్టింది. పదమూడేళ్ల వైరం స్కూలు వెనకాల ఒక చుట్ట కాలేలోపు తీరిపోయింది. ధనరాజు కొత్త చొక్కా తొడుక్కుని, నారాయణమూర్తి భుజం మీద చెయ్యేసుకుని నీలవేణి దగ్గరికొచ్చాడు.

"ఏటనుకోకమ్మా," అన్నాడు. "ఎర్రన్నే గరిట ఎత్తినాడని సెప్పేస్తాం. కేసు మామీదకొస్తే ఊరి పరువు పోతాది. ఆడెలాగా లోపలే ఉన్నాడు కదా, ఆడికి కొత్తగా పోయేదేటి?"

"రెండేళ్లాగి మళ్లీ అర్జీ పెడదాం," అన్నాడు నారాయణమూర్తి. "అప్పుడు ఇంకో మేకని కోద్దాం."

"ముందు ఇదంతా తుడిసేయండి," అన్నాడు ధనరాజు వెళ్తూ. "ఆఫీసర్లకి కనపడకూడదు."

ఆబోతులు కుమ్ముకుంటే నలిగిన లేగదూడనే ముద్దాయి చెయ్యడం ఆ ఊరికి కొత్త కాదు. కొత్త సంగతి ఏమిటంటే, ముద్దాయి కూడా ఒప్పుకున్నాడు.

"పోన్లేయే," అన్నాడు ఎర్రన్న. "సోమవారం ఎలాగా ఎల్లిపోవాల. అక్కడ సరుకులు తూయించాల, నాను నేకపోతే కందిపప్పు కొట్టేస్తారు." అని తట్ట తెచ్చుకుని మొదటి విస్తరాకు మీదికి వంగాడు.

"ముట్టకు," అంది నీలవేణి.

"ఈగలు ముసురుతన్నాయే."

"ముసరనీ. వొగ్గేయ్. ఎల్లి కూకో."

అది ఆజ్ఞ కాబట్టి అతను వెళ్లి కూర్చున్నాడు. ఆమె పందిరంతా చూసింది. పెద్దల విస్తళ్లు రెండూ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. నారాయణమూర్తి విసిరిన గిన్నె ఆఫీసరు కూర్చున్న చోట బోర్లా పడుంది. ధనరాజు చొక్కా ముక్క కుర్చీకోడుకి వేలాడుతోంది. పొయ్యి దగ్గర ఎర్రన్న గరిట మూత మీద బోర్లించి ఉంది. దానికీ విస్తరాకుల బంతికీ మధ్య చెదిరిన వస్తువు ఒక్కటీ లేదు. చదువురానివాడికైనా అర్థమయ్యేటట్టు ఊరి పెద్దలే అంతా రాసిపెట్టి వెళ్లారు.

ఎదురింటి అరుగు మీంచి ఈశ్వరి లేచింది. వీధి దాటి వచ్చింది. చేతిలో గంప ఉంది. దుమ్ములో పడున్న తలకాయ మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టింది.

"కుక్కలెత్తుకుపోతాయి," అంది. అదే మొదటి మాట.

నీలవేణి తన అరుగు చూపించింది. "కూకో వదినా," అంది.

"కూకోను. నీ ఇంట్లో నీళ్లు కూడా ముట్టను. నా పెనివిటిని సంపినోడు ఈడే. సెమించినానని రాయమంటే రాయను." ఈశ్వరి పైట భుజాన దోపుకుంది. "గాని ఆ యేడూ అరుగు మీంచి నాను సూసినాను, ఈయేలా సూసినాను. ఆ యేడు నన్నెవుడూ అడగనేదు. ఈయేల అడక్కపోయినా సెప్తాను. నువ్వు మాత్రం ఈ ఎంగిళ్లు ఎత్తకు."

"ఎత్తను వదినా," అంది నీలవేణి.

ఈశ్వరి వెళ్లి తన అరుగు మీద కూర్చుంది. నీలవేణి తన అరుగు మీద కూర్చుంది. ధనరాజు రెండుసార్లు మనుషుల్ని పంపాడు, తుడవమని. వాళ్లు ఇద్దరాడవాళ్లనీ చూసి, తట్టలతో వెనక్కి పోయారు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. యుగంధర్ దిగి, ఎస్సైకి దారి చూపించబోయి పందిట్లో ఆగిపోయాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇంకా ఎత్తలేదా?"

నీలవేణి లేచి నిలబడింది. పైట సర్దుకుంది.

"ఇంటిదాన్ని నానే సార్, ఎత్తాల్సింది నానే. ఎత్తనేదు," అంది. "సూసుకుని నడవండి బాబూ. పెద్దలు ఎక్కడ తొక్కినారో అక్కడే ఉన్నాది."