భోక్తగారి పథ్యం

తిరువూరులో ఎవరింట్లో తద్దినమైనా ముందుగా వినపడే పేరు దత్తాత్రేయులిది. పోయినవాళ్ళ స్థానంలో పీట మీద కూర్చుని, వాళ్ళ పేరిట కడుపునిండా భోంచేసే భోక్త ఆయన. ఆ పనికి అందరూ ఒప్పుకోరు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పరుగెత్తే పంతుళ్ళే తద్దినం పీట అనేసరికి మొహం చాటేస్తారు. దత్తాత్రేయులు మాత్రం పిలిచిన ఇంటికల్లా వెళ్ళాడు, పెట్టిందల్లా తిన్నాడు. గారెలు ఎన్ని వడ్డించినా చెయ్యి అడ్డం పెట్టడనీ, ఆయన తిని లేస్తే పోయినవాళ్ళు తిని లేచినట్టే ఉంటుందనీ ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయనకి ఒళ్ళు పులకరించేది. జీవితంలో అంతకన్నా పెద్ద బిరుదు ఎవరిచ్చారు గనక!

ఆ బిరుదే కొంప ముంచింది. యాభై రెండో ఏట కళ్ళముందు నల్లటి మరకలు తేలడం మొదలైంది. విజయవాడలో కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, "షుగరు కంటిదాకా వచ్చిందండీ. మూడు నెలల్లో అదుపులోకి తెచ్చుకోకపోతే చూపు మీద ఆశ వదులుకోవాల్సిందే" అని మొహం మీదే చెప్పేశాడు.  తిరుగు బస్సులో పక్కన భార్య సుధామయి కిటికీ వైపు తిరిగి, తిరువూరు వచ్చేదాకా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

ఇంట్లో కాలు పెట్టీ పెట్టగానే ఆవిడ, "ఇంక ఎవరింటికీ పీట మీదకి వెళ్ళనని నాకు మాటివ్వండి" అంది.

"సరే, ఇచ్చాను పో" అన్నాడు దత్తాత్రేయులు.

ఇవ్వడం తేలికే. నిలబెట్టుకోవడమే ప్రాణం తోడేసింది. పొద్దున్నే కూతురు శర్వాణి కొనిచ్చిన బూట్లు తొడుక్కుని, పంచె పైకి దోపుకుని, కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగేవాడు. పిలక, విభూతి రేఖలు, కింద ఆకుపచ్చ బూట్లు! కిరాణా కొట్టు శ్రీరాములు ఊరుకుంటాడా?

"ఏంటి పంతులుగారూ, పరుగుపందెంలో పేరిచ్చారా?"

"అబ్బే, ఊరికే గాలికండీ" అని తలొంచుకుని పోయేవాడు దత్తాత్రేయులు. చూపు పోతుందేమోనన్న భయాన్ని నడిరోడ్డు మీద ఎలా చెప్పుకుంటాడు పాపం.

ఇంటికొస్తే విస్తరి నిండా అన్నం తిన్న మనిషికి గుప్పెడు కొర్రన్నం, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. తిన్నట్టే ఉండేది కాదు. ఒకరోజు పక్కింట్లో గారెలు వేగుతున్న వాసనకి కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుధామయి చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. అంత కష్టపడ్డాక షుగరు దిగడం మొదలైంది, పొట్ట కూడా తగ్గింది. మరకలు మాత్రం కదల్లేదు. పొద్దున లేవగానే ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూసేవాడు, తర్వాత రెండో కన్ను మూసి చూసేవాడు. అంకెలు కనబడితే ఆ రోజుకి బతికినట్టే అనుకునేవాడు.

పీట మీదకి పిలవడానికి వచ్చినవాళ్ళందరికీ ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాడు. సరిగ్గా అప్పుడు ఆత్రేయ వచ్చాడు. ఆత్రేయ జూనియర్ కాలేజీలో లెక్చరరు, హనుమాయమ్మగారి కొడుకు.

"నాన్నగారి తద్దినమండీ. ఒక భోక్త విస్సన్నపేట నుంచి వస్తున్నారు. నాన్నగారి స్థానంలో మాత్రం మీరే కూర్చోవాలంటోంది అమ్మ. ఆవిడే స్వయంగా మడి కట్టుకుని వండుతానంటోంది. నా మాట వినట్లేదు."

 చిన్నప్పుడు తండ్రి పోయి దత్తాత్రేయులు దిక్కులేకుండా తిరుగుతుంటే హనుమాయమ్మ భర్త, స్కూలు మాస్టారు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంటి అన్నంతోనే ఇంతవాడయ్యాడు. ఆ మాస్టారి పీట మీద కూర్చోనని ఏ నోటితో అంటాడు? ఒక్క పూటేగా అనుకున్నాడు. వస్తానన్నాడు. సుధామయికి మాత్రం వినగడపలో సత్యనారాయణ వ్రతం ఉందని చెప్పాడు.

ఆ అబద్ధం చాలదన్నట్టు ఇంకో తెలివితక్కువ పని చేశాడు. రోజూ తినేదానికి ఒక షుగరు మాత్ర అయితే, విందుకి ఎన్ని కావాలి? ఆ లెక్క వేసుకుని, తెల్లవారుజామున స్నానం చేసి, మూడు మాత్రలు గుక్కెడు నీళ్ళతో మింగేశాడు. భోక్త విస్తరి ముందు కూర్చునేదాకా ఏమీ తినకూడదు. ముందురోజు రాత్రి కూడా ఉపవాసమే. ఖాళీ కడుపులో అన్ని మాత్రలు పడితే షుగరు మరీ దిగిపోతుందన్న సంగతే ఆ మహానుభావుడికి తట్టలేదు.

విస్సన్నపేట భోక్తకి బస్సు తప్పింది. షేర్ ఆటో పట్టుకుని ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం బాగా దాటింది. కాళ్ళు కడిగారు, గంధం పూశారు, తద్దినం పెట్టించే శాస్త్రిగారు మంత్రం చెప్పి దత్తాత్రేయుల్ని మాస్టారి స్థానంలో పీట మీద కూర్చోబెట్టారు. ఆత్రేయ హోమం ముందు కూర్చున్నాడు. వడ్డనకి ఇంకా సమయముంది.

ముందు చేతులు వణికాయి. తర్వాత ధారగా చెమటలు పట్టాయి. వైశాఖమాసం ఎండ, పక్కనే హోమం పొగ, ఎవరూ పట్టించుకోలేదు. దత్తాత్రేయులికి శాస్త్రిగారి గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ఎదురుగా ఉన్న మంట మసకబారింది, ఆత్రేయ మొహం చెరిగిపోయింది. అయిపోయింది, చూపు పోయింది అనుకున్నాడు. సుధామయికి అబద్ధం చెప్పి వచ్చినందుకు ఇవాళే, ఈ పీట మీదే పోయింది. నోరు తెరిచి అరుద్దామంటే నాలుక తిరగలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ హనుమాయమ్మ ఆయన్ని చూసింది. ఆ ముసలి ప్రాణం లోపలికి పరుగెత్తి, ఇంత బెల్లం ముక్కతో ఆయన ముందుకొచ్చి చతికిలబడింది.

"దత్తుడూ, నోరు తెరువు నాయనా."

ఆయన తల అడ్డంగా ఊపి పళ్ళు బిగించాడు. అంత మసకలోనూ తాను భోక్తనన్న సంగతి మర్చిపోలేదు మరి!

శాస్త్రిగారు మంత్రం ఆపేశారు. "అమ్మా, ఏం చేస్తున్నారు? వడ్డన కాకుండా నోట్లో ఏదైనా పడితే తద్దినం చెడిపోతుంది!"

"చెడనివ్వండి" అంది హనుమాయమ్మ. ఆవిడ ఎవరిమీదా గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. "మా ఆయనా ఇలాగే పళ్ళు బిగించారు. షుగరు మనిషి, మా మామగారి తద్దినం రోజున ఉపవాసంతో హోమం ముందు ఇలాగే వణికిపోయారు. నేను బెల్లం పట్టుకుని నిలబడితే, తప్పే అని మొహం తిప్పేసుకున్నారు. ఆయన వద్దన్నారని నేను నోరు మూసుకుని వెనక్కి వెళ్ళాను. మళ్ళీ లేవలేదు శాస్త్రిగారూ, ఆ మనిషి మళ్ళీ లేవలేదు."

ఆత్రేయ చేతిలో నేతి గరిటె అలాగే ఉండిపోయింది. తండ్రి పోయిన రోజున అతను ఊళ్ళో లేడు.

"ఇవాళ ఈ పీట మీద ఉన్నది ఆయనే కదా? మీరే కదా మంత్రం చెప్పి కూర్చోబెట్టారు? నా మొగుడికి నేను పెట్టుకుంటాను" అని, ఆవిడ దత్తాత్రేయులి గడ్డం పట్టుకుంది. "ఏమండీ, ఈసారైనా నా మాట వినండి. నోరు తెరవండి."

దత్తాత్రేయులు నోరు తెరిచాడు.

ఆవిడ బెల్లం చిదిమి కొంచెం కొంచెంగా పెట్టింది, మధ్యలో గ్లాసుతో నీళ్ళు పట్టింది. చాలాసేపటికి మసక విడింది. పొగ కనిపించింది, ఆత్రేయ కనిపించాడు, బెల్లం అంటిన చేత్తో ఎదురుగా హనుమాయమ్మ కనిపించింది.

"కనిపిస్తున్నారు పిన్నిగారూ" అంటూ దత్తాత్రేయులు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆవిడ వినిపించుకోలేదు. "ఇంకొంచెం తినండి, ఇంకొంచెం" అంటూ పెడుతూనే ఉంది. శాస్త్రిగారు మళ్ళీ మంత్రం ఎత్తుకోలేదు, ఆత్రేయ కూడా ఎత్తుకోమనలేదు.