మా అక్క వీపు మీది మచ్చ

మా అక్క ఎర్నెస్టీన్ కనెక్టికట్‌లోని మా ఊళ్లో ఇరవై రెండేళ్లు స్కూల్ బస్సు నడిపింది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. ఆ బస్సే ఆవిడ లోకం. అది ఎలా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

మే నెలాఖరున అక్కకు జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు. మెడ పట్టేసింది. ఒకరోజు మోకాలు నొప్పి, మర్నాడు మణికట్టు నొప్పి. మా ఊళ్లో ఈ మాట చెబితే కాఫీ పోసే ఆవిడ కూడా పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బేమో చూపించుకోమంటుంది. ఒంటి మీద పిడుదు దొరికితే పీకి, తర్వాత జ్వరం వస్తే డాక్టరుకు చూపించడానికి టేపుతో క్యాలెండర్‌లో ఆ తేదీ మీద అంటించుకునే జనం మేము. అక్క క్యాలెండర్‌లో ఆ నెల ఏమీ లేదు. గసగసాల గింజంత పురుగు వీపు మీద పడితే ఎవరికి కనిపిస్తుంది?

ఆస్పత్రిలో కుర్ర డాక్టర్ అడిగాడు. "పిడుదు దొరికిందా? కుట్టిన చోట ఎర్రటి వలయం ఏమైనా వచ్చిందా?"

"నా వీపు నాకెలా కనిపిస్తుంది డాక్టర్ బాబూ? నువ్వే చూడు."

చూశాడు. అరచేయంత మచ్చ ఉంది.

"కమిలిందంతే. సీటుకు ఒరుసుకుని ఉంటుంది. మామూలు జ్వరమే, విశ్రాంతి తీసుకోండి."

అతని గోడ మీది పటంలో వలయాలన్నీ తెల్లటి ఒంటి మీద ఎర్రగా ఉన్నాయి. మాలాంటి నల్లటి ఒంటి మీద అదే వలయం కమిలిన మచ్చలా కనిపిస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదట. ఊళ్లో సగం మందిమి ఈ రంగులోనే ఉన్నాం, కళ్లు పెట్టుకుని చూడొచ్చుగా?

మూడు వారాల తర్వాత, బస్సులో పంతొమ్మిది మంది పిల్లలుండగా అక్క కళ్లకు చీకట్లు కమ్మాయి. బస్సు పక్కకు తీసి, బ్రేకు వేసి, రేడియోలో "పిల్లల్ని తీసుకెళ్లండి" అని చెప్పాకే స్టీరింగ్ మీద వాలిపోయింది. గుండె నిమిషానికి ముప్పై నాలుగుసార్లే కొట్టుకుంటోంది. అది లైమ్ జబ్బే, గుండెదాకా పాకింది.

మందులతో గుండె కుదుటపడింది. కానీ స్టీరింగ్ మీద స్పృహ తప్పిన మనిషికి పిల్లల్ని అప్పగించలేమని బస్సువాళ్లు తేల్చి చెప్పేశారు.

సెప్టెంబరులో ఆ డాక్టర్ ఫోన్ చేశాడు. "క్షమించండి మేడం. మీ వల్ల చాలా నేర్చుకున్నాను."

అక్క గొంతు పెంచలేదు.

"నేను ఏ తప్పూ చేయలేదు బాబూ, నా సీట్లో ఇంకొకరు కూర్చున్నారు. తప్పు నీది, రేపు పొద్దున నీ కుర్చీలో నువ్వే కూర్చుంటావు."