పద్యంలా ఎత్తుకున్న గ్రీకు

మొన్న పప్పుకి తాలింపు వేస్తుంటే, మనవరాలు ఫోన్లో గ్రీకు పాఠం పెట్టింది. ఎవరో ఆడమనిషి గొంతు ఒక్కో మాటా విడదీసి పలుకుతోంది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వేలు ఆనిస్తే చాలు, గొంతు వచ్చేస్తోంది! ఇదే ఆనాడు ఉంటే మా సువార్తమ్మ పిన్ని ఎంత సంబరపడేదో అనిపించి కళ్లు చెమర్చాయి. మరుక్షణమే నవ్వొచ్చింది. ఇదే ఉంటే గుంటూరులో మా ఇద్దరికీ అంత వైభోగం జరిగేదే కాదు.

ఎనభైల మొదట్లో మా ఆయనకు నడికుడి స్టేషన్లో ఉద్యోగం. కొత్త కాపురం. పక్కింట్లో సువార్తమ్మ ఒక్కతే ఉండేది. బడిలో టీచరు పని చేసి రిటైరైంది. ఏసు ప్రభువు మాటలు మొదట రాసిన గ్రీకు భాషలోనే చదవాలని ఆమె పంతం. గుంటూరు బైబిలు బడి నుంచి పోస్టులో వచ్చే పాఠాలు, ఎవరో దొరసాని వదిలేసి వెళ్లిన అట్టలేని వాచకం, ఒక పలక. ఉన్న సరంజామా అంతే. నిఘంటువు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆఖరి పరీక్షలో పైకి చదివి, అర్థం చెప్పి పాసైతే గుంటూరు వాళ్లే పెద్ద నిఘంటువు బహుమతిగా ఇస్తారట.

“అదొక్కటి చేతికొస్తే నాకింకెవురూ చెప్పక్కర్లేదే సీతా. నా అంతట నేనే చదువుకుంటా” అనేది.

తోడుగా నన్నూ కూర్చోబెట్టింది. ఆ అక్షరాలకు చెయ్యి తిరగాలని వాకిట్లో ముగ్గుపిండితో వేసేదాన్ని. ఎదురింటి కోటమ్మత్త హడలిపోయి, “ఏందే అమ్మాయ్ ఈ గీతలు? ఎవురికన్నా చేతబడి చేస్తన్నావా ఏంది?” అని అడిగింది. “గ్రీకు వదినా! నువ్వూ రా, నేర్పుతా” అని పిన్ని లోపల్నుంచి కేకేసింది. కోటమ్మత్త మళ్లీ ఆ ముగ్గు తొక్కితే ఒట్టు!

అసలు చిక్కు పలకడంలో వచ్చింది. మాటల నెత్తిన చిన్న చిన్న గీతలుండేవి. ఇక్కడ గొంతు లేపాలి, ఇక్కడ దించాలి అని మాత్రం వాచకంలో ఉంది. ఎంత లేపాలో ఎవరు చెబుతారు? మా నాన్న నాటకాల్లో పద్యాలు పాడేవాడు. గొంతు లేపడం, దించడం నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

“పద్యంలా ఎత్తుకో పిన్నీ” అన్నాను. ఇక చూడండి, పరీక్షకిచ్చిన అధ్యాయమంతా మోహన రాగంలో కూర్చేశాం, చివర ఆలాపనతో సహా.

పరీక్షకి గుంటూరు వెళ్తే, పిన్నికంటే ముందు చదివిన వాళ్లంతా రేడియోలో వార్తలు చదివినట్టు చదివారు. “పిన్నీ, మామూలుగా చదువు” అని గొణిగాను.

“ఇప్పుడెక్కడొచ్చిద్దే? పాట పోతే మాటా పోద్ది” అంది.

లేచి గొంతు సవరించుకుని ఎత్తుకుంది. గది ఘొల్లుమంది. నిఘంటువు పోయినట్టే అనుకుని తల దించుకున్నాను. ఇంతలో వెనకబెంచీ నుంచి ఎవరో “వన్స్‌మోర్!” అని అరిచారు. పిన్ని జంకలేదు సరిగదా, ఇంకో శ్రుతి పెంచి మళ్లీ మొదట్నుంచీ పాడింది!

పరీక్ష పెట్టే పెద్దాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఒక్కో మాటకీ అర్థం అడిగారు. పిన్ని ఎక్కడా తడబడలేదు.

“అర్థాలు బాగా చెప్పారమ్మా. కానీ మీరిలా పలికితే గ్రీసులో ఒక్కరికీ అర్థం కాదు.”

“నేను గ్రీసు పోయేదెక్కడయ్యా? సాయంత్రం బండికి నడికుడి పోవాల. డిక్షనరీ ఇస్తారా, ఇవ్వరా?”

ఇచ్చారు! రైల్లో ఆ లావుపాటి పుస్తకం ఇద్దరి ఒళ్లోనూ పెట్టుకుని మొదటి పేజీ నుంచి రాగం ఎత్తుకున్నాం. ఎదుటి సీటాయన చేతులు జోడించి, “చానా బాగుందమ్మా. ఏ దేవుడి పాట?” అన్నాడు.

“డిక్షనరీ నాయనా!” అంది పిన్ని. ఆ ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక నేను టెన్త్ ప్రైవేటుగా కట్టాను. సాంఘికశాస్త్రమంతా పద్యాలుగా కట్టుకున్నాను. పరీక్ష హాల్లో నా పెదాలు కదలడం చూసి చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. పిన్ని గుర్తొచ్చింది. కాస్త పైకే పాడుకుంటూ రాశాను.