పక్క సీటులో ఆ తల్లి

మేం అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉంటాం. ఆదివారం టీవీలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, అంటే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట, చూడనిదే మావారికి తోచదు. కాలేజీ ఆటను పిల్లల ఆట అని కొట్టిపారేస్తారు. కిందటేడు మా అమ్మాయి సహస్ర తన కాలేజీ ఆట జరిగేటప్పుడు బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తోందని ఇద్దరం మొదటిసారి స్టేడియంకి వెళ్లాం.

నా పక్క సీట్లో ఒక అమెరికన్ ఆవిడ ఒక్కతే కూర్చుని, నాకు ఆట అర్థమయ్యేలా ఓపిగ్గా చెబుతోంది. ఆట సగం దాటాక నలుగురు మీదపడడంతో ఒక కుర్రాడు నేలకూలాడు. మళ్లీ లేవలేదు. బ్యాండ్ ఆగిపోయింది. అంత పెద్ద స్టేడియంలో అందరూ మాట లేకుండా లేచి నిలబడ్డారు. ఆవిడ మాత్రం లేవలేకపోయింది.

"దట్స్ మై సన్" అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"పద, ఆవిణ్ణి కిందికి తీసుకెళ్దాం" అన్నారు మావారు. చెరోపక్కా పట్టుకుని మెట్లు దింపాం. జనం దారిచ్చారు. మేం రెయిలింగ్ దగ్గరికి చేరేసరికి స్ట్రెచర్ మీద ఆ అబ్బాయి తల తిప్పి జనంలో వెతుకుతున్నాడు. తల్లి కనబడగానే చెయ్యెత్తాడు. అప్పుడు ఏడ్చిందావిడ.

కాలు విరిగిందని, ప్రాణానికి భయం లేదని తర్వాత సహస్ర చెప్పింది. "హి ఈజ్ ఇన్ మై కెమిస్ట్రీ క్లాస్, డాడీ. మండే మాకు క్విజ్ ఉంది" అంది.

ప్రొఫెషనల్స్ ఆటే గొప్పదని మావారు ఇప్పటికీ అంటారు. నిజమే కావచ్చు. కానీ టీవీలో ఆటగాడు పడిపోతే ప్రకటనలు వచ్చేస్తాయి, మేం టీ పెట్టుకోవడానికి లేస్తాం. ఆ రోజు మాత్రం, పడిపోయినవాడి తల్లి చెయ్యి నా చేతిలో ఉంది.